రాజుగారి పేరు, కూమ్ గారి నోరు

వాల్యెవో పట్టణంలో చరిత్ర బోధించే తీహోమిర్ పంతులుకు ఈ భూమండలంలో ఏకైక శత్రువు తన పేరే. తీహోమిర్ అంటే నిశ్శబ్దమూ శాంతీ కలబోసిన మనిషి. నిశ్శబ్దం ఆయనకు నిద్రలో సైతం అబ్బలేదు. శాంతిని మాత్రం భార్య దారింకా మాట్లాడేటప్పుడు విధిలేక పాటించేవాడు. ఇంత మెత్తని పేరు మోసినందువల్లే తాను ప్రధానోపాధ్యాయుణ్ణి కాలేకపోయానని ఆయన దృఢవిశ్వాసం.

అందుచేత కొడుకు పుట్టిన రోజునే భీషణ ప్రతిజ్ఞ చేశాడు. వీడికి రాజు పేరే!

అడ్డమల్లా ఆచారమే. బిడ్డకు పేరు పెట్టే హక్కు కన్నవాళ్లది కాదు. జ్ఞానస్నానంలో బిడ్డను చేతుల్లోకి తీసుకునే జ్ఞానతండ్రిది, అంటే కూమ్‌ది. ఈ వరసలో ఇరువైపులవాళ్లూ ఒకరినొకరు 'కూమా' అనే పిలుచుకుంటారు. గుడిలో ఆయన నోట ఏది వస్తే అదే పేరు. ఫలానాది పెట్టమని ముందుగా అడగడం పరమ తలవంపులు. వీళ్ల కూమ్ పేరు గ్వోజ్దెన్, అనగా ఇనుము. కోడిని కోయవలసివస్తే కోడికంటే ముందు తానే ఏడ్చే ఇనుము.

"నేనేమీ అడగను. చరిత్ర చెబుతానంతే," అన్నాడు తీహోమిర్.

"నువ్వు చరిత్ర చెబితే బడిపిల్లలే నిద్రపోతారు. కూమ్ మేలుకుంటాడా?" అంది దారింకా.

"చాస్లవ్! ఆ పేరులో గాంభీర్యం చూడవే! చెల్లాచెదురైన దేశాన్ని మళ్లీ ఒకచోట చేర్చిన మహారాజు."

"చెల్లాచెదురైన నీ మేజోళ్లు ముందు ఒకచోట చేర్చు. మంచం కింద పడున్నాయి."

ఆదివారం తీహోమిర్ ప్లమ్ సారా సీసా చంకన పెట్టుకొని దండయాత్రకు బయలుదేరాడు. గ్వోజ్దెన్ నోరు తెరుచుకొని చాస్లవ్ ప్రతాపమంతా విన్నాడు.

"అబ్బ, ఎంత మొనగాడు కూమా! మరి చివరికెలా పోయాడు?"

వివేకవంతుడైతే అక్కడ దగ్గి ఊరుకునేవాడు. కానీ చరిత్ర పంతుల్ని అడిగిన ప్రశ్నా, ఎలుకకు చూపిన కొబ్బరిముక్కా ఒకటే.

"కాళ్లూ చేతులూ కట్టేసి సావా నదిలో పడేశారంటారు! చుట్టపక్కాల్ని కూడా!" అన్నాడు మెరిసే కళ్లతో.

గ్వోజ్దెన్ మీసం వణికింది. గ్లాసు కింద పెట్టేశాడు.

మరుసటి ఆదివారం వ్లదీమిర్ రాజు బయలుదేరాడు. "ఎంత ధర్మాత్ముడు! మరి ఎలా పోయాడు కూమా?" గుడి వాకిట్లో తల నరికారు. ఆపై వారం వుకాషిన్. ఆయన మారిత్సా ఒడ్డున యుద్ధంలో సైన్యంతో సహా. అబద్ధమాడడానికి తీహోమిర్ మనస్సాక్షి ఒప్పుకోలేదు, క్లుప్తంగా చెప్పడానికి నాలుక ఒప్పుకోలేదు. దుఃఖం దిగమింగుకోవడానికి గ్వోజ్దెన్ సారా సీసాలు మాత్రం ఖాళీ చేశాడు.

జ్ఞానస్నానం రోజు వచ్చింది. ఫాదరు "బిడ్డ పేరు?" అన్నాడు. తీహోమిర్ ఛాతీ విరుచుకొని, పెదవులతో చప్పుడు లేకుండా "చాస్లవ్, చాస్లవ్" అని జపించసాగాడు.

"వుక్!" అన్నాడు గ్వోజ్దెన్.

వుక్ అంటే తోడేలు. బిడ్డ కూడా దానికి తగ్గట్టే ఊళ పెట్టాడు.

విందులో తీహోమిర్ ఆక్రోశించాడు. "ముగ్గురు రాజుల్ని నీ ముంగిట నిలబెడితే తోడేలును పట్టుకొచ్చావా కూమా?"

"నీ రాజుల్లో ఒక్కడైనా తిన్నగా పోయాడా కూమా? దారింకమ్మ తాత వుక్ చూడు! తొంభై ఏళ్లు నిండాక, తోటలో మధ్యాహ్నం కునుకులో పోయాడంట. చేతిలో పొగాకు పైపు ఇంకా వెచ్చగానే ఉందంట."

"అంట? నీకెవరు చెప్పారంట?"

దారింకా తలెత్తకుండా రొట్టె కోస్తోంది. "నేనే. వేడి వేడి గిబానిత్స రొట్టె ఇవ్వడానికెళ్లి మా తాతను తలుచుకున్నా. పేరు పెట్టమని అడిగానా? అడగలేదే! మా ఆయన రాజుల కథ ఎత్తితే, చివరికెలా పోయారో మాత్రం అడుగు కూమా అన్నానంతే."

తీహోమిర్ అలకపాన్పు ఎక్కబోయాడు. అంతలో పొరుగింటి ముసలాయన అడిగాడు. "పంతులూ, వుక్ పేరుతో గొప్పవాళ్లెవరన్నా ఉన్నారా?"

అలగడమా, చెప్పడమా? నాలుక గెలిచింది.

"లేకేం! మనం రాసే అక్షరాల్ని చక్కదిద్దిన మహానుభావుడి పేరేమిటనుకున్నారు?" గ్లాసెత్తి నిలబడ్డాడు. ఆ ప్రసంగంలో సూప్ చల్లారింది, మాంసం గడ్డకట్టింది. ముగింపు దగ్గరపడేసరికి, ఈ పేరు మొదటినుంచీ తన మనసులోనే ఉన్నదని కూడా ఆయన సెలవిచ్చాడు.

"అది సరే. ఆయనెలా పోయాడు?" అంది దారింకా.

గ్వోజ్దెన్ చేతిరుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ముసలివాడై," అన్నాడు తీహోమిర్ నీరసంగా. "మంచం మీద."

"అయితే కూర్చుని తిను."

తీహోమిర్ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి పేరుకు తగ్గట్టుగా, నిశ్శబ్దంగా తిన్నాడు. పక్కన ఇనుము ఆనందంతో వెక్కివెక్కి ఏడుస్తోంది.