మేకపిల్ల మహారాజు ఊరేగింపు

మేకకు కండలెందుకండీ? మీరే చెప్పండి.

కొమ్ములుండవచ్చు, గడ్డముండవచ్చు, మహారాజు కనుక కాస్త అహంకారమూ ఉండవచ్చు. కానీ ఛాతీ మీద ఆరు పలకల కండలు, ఆ కండల మీద నూనె మెరుపు, ఆ మెరుపు మీద నిప్పురవ్వల వాన! నానక్‌రామ్‌గూడ కూడలిలో నాలుగంతస్తుల ఎత్తున నిలబెట్టిన ఆ బొమ్మను చూడగానే నా కారు ఆగిపోయింది. ట్రాఫిక్ వల్ల ఆగిందని మా ఆవిడ ఉమాశ్రీ అంటుంది. కాదు, ఆగ్రహం వల్ల ఆగింది.

ఆ బొమ్మ కింద బంగారు అక్షరాలతో రాసి ఉంది: 'మేకపిల్ల మహారాజు'. కొత్తగా, కోట్లు పోసి, మళ్ళీ తీశారట.

అసలైన 'మేకపిల్ల మహారాజు' నా ఏడో ఏట వచ్చింది. రత్నగిరి రాజ్యానికి వారసుడు లేడు. ఆచారం ప్రకారం పట్టపుటేనుగు తొండానికి పూలమాల అందించి వీధిలోకి వదిలారు. అది ఎవరి మెడలో వేస్తే వారే రాజు. మంత్రి మెడ చాచాడు, సేనాపతి మెడ చాచాడు, మెడ ఉన్న ప్రతివాడూ చాచాడు. ఏనుగు అందరినీ దాటి, సందు చివర ఆకులు నములుతున్న మేకపిల్ల మెడలో వేసింది. మేకపిల్ల ఆ మాలను కూడా నమిలేసింది.

ఇక అక్కడి నుంచి మేక రాజ్యం. ఆ మేక మేకలాగే నటించింది. ఒక్కచోటా అతి లేదు.

అన్నిటికంటే గొప్పది పతాక సన్నివేశం. మంత్రి కత్తి ఎత్తుతాడు. తెర ఒక్కసారి వణుకుతుంది. మరుక్షణం పట్టాభిషేకపు ఊరేగింపు! ముందు బ్యాండుమేళం, ఇరువైపులా తలల మీద దీపాలు మోసే జనం, మధ్యలో తెల్లగుర్రం, గుర్రం మీద మహారాజు. ముఖం నిండా జాలువారే మల్లెల తెర. ఆ తెర వెనుక మేక ముఖం ఎంత గంభీరంగా ఉండి ఉంటుందో అని చిన్నప్పుడు ఎన్నిసార్లు ఊహించుకున్నానో! దర్శకుడు ఇరవై నిమిషాలూ ఆ ముఖం చూపించలేదు. చూపించకపోవడమే కళ.

కొత్తదాని ప్రచారచిత్రాన్ని నేను పదిహేనుసార్లు చూశాను. అందులో గుర్రం లేదు. బ్యాండు లేదు. ఊరేగింపే లేదు!

"ఊరేగింపు లేకుంట మేకపిల్ల మహారాజేందే ఉమా? పెండ్లికొడుకు లేని పెండ్లి లెక్క!" అన్నాను ఆ పూట, కోపంతో ఉప్మాలో చెంచా గుచ్చుతూ.

"దర్శకుడు పేపర్లో చెప్పాడండీ, క్లైమాక్సులో ఒక్క సీనూ మార్చలేదట. ఉన్నదున్నట్టు తీశారట," అన్నది ఉమ. ఆమెది కాకినాడ. కోపం లేకుండానే మనిషిని కాల్చగలదు.

"అబద్ధం! పచ్చి అబద్ధం! నేను పదకొండుసార్లు చూసిన."

"అతను తీశాడు, మీరు చూశారు. ఎవరిని నమ్మాలండీ?"

"నన్ను నమ్మాలె. కట్టుకున్నోన్ని."

"కట్టుకున్నాక తెలిసింది కదండీ, నమ్మకం ఎంత కష్టమో."

ఉమ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఇతరులు రాసినదానిలో తప్పులు పట్టినందుకు జీతమిస్తారు. ఇంట్లో అదే పని ఉచితంగా చేస్తుంది.

ఆ సంభాషణ మధ్యలోకి మా అమ్మాయి హర్షిణి వచ్చింది. దానికీ ఇప్పుడు ఏడేళ్ళే.

"నాన్నా, ఆ మేక ఎగురుతదంట! మా క్లాసుల అందరు ఈ సండే పోతున్నరు. మనం?"

అసలు బాధ ఇదే మిత్రులారా. నా బిడ్డ జీవితంలో మొదటి మేకపిల్ల మహారాజు ఎవరు కావాలి? మాల నమిలిన నా అమాయకపు మేకా, నూనె పూసుకున్న ఆ వస్తాదు మేకా? మొదట చూసినదే మనసులో మిగులుతుంది. ఒకసారి ఆ కండలు కంట్లో పడితే, నా మేక ముఖం దానికి జన్మలో కనిపించదు.

అందుచేత ఒక పథకం వేశాను. ఆదివారానికి ముందే, శనివారం నాడు, పాతది చూపించాలి.

పాతది ఎక్కడా దొరకదు. అంతర్జాలమంతా గాలించాను, ఒక్క పాట ముక్క తప్ప లేదు. ఉన్న ఒకే ఒక్క క్యాసెట్టు లింగంపల్లిలో బాలనర్సయ్య మామ దగ్గర ఉంది. చుట్టరికం లేకపోయినా మా వీధి పిల్లలందరికీ ఆయన మామే. మా ఇళ్ళకు కేబుల్ తీగ లాగినవాడు. ప్రతి ఆదివారం మూడు గంటలకు తన సొంత ఛానెల్లో ఆ సినిమా వేసి నా బాల్యాన్ని వెలిగించినవాడు.

బుధవారం నాడు నాకు వరసగా మీటింగులు. "జర నువ్వే ఫోను చెయ్యవా," అని ఉమను బతిమాలాను. చేసింది. నలభై నిమిషాలు మాట్లాడింది. నవ్వు కూడా వినిపించింది.

"ఒప్పుకున్నారండీ," అన్నది బయటికి వచ్చి. "క్యాసెట్టు ఎవరి చేతికీ ఇవ్వరట. మిషనుతో సహా తానే తెస్తారట. కానీ ఒక షరతు."

"మామ షరతు పెట్టిండా?"

"షరతు నాది. హర్షిణే జడ్జి. పాతది నచ్చితే కొత్తదానికి మేం వెళ్ళం, ఆ పేరే ఎత్తం. నచ్చకపోతే మీరే మమ్మల్ని తీసుకెళ్ళాలి. కానీ ఒకటండీ, చివరిదాకా చూపించాలి. మధ్యలో ఆపకూడదు."

"చివరిదాకనా? అరే, చివరే కదనే దాని పానం!"

ఇంత సులువుగా లొంగిపోయిందేమిటని నాకు జాలి కూడా కలిగింది.

మా పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లో క్లబ్‌హౌస్ కావాలంటే యాప్‌లో దరఖాస్తు పెట్టాలి. అందులో మూడే సందర్భాలుంటాయి: పూజ, సర్వసభ్య సమావేశం, పుట్టినరోజు. పూజ అంటే పంతులుగారి పేరడిగింది. సర్వసభ్య సమావేశమంటే మా వాళ్ళు కుర్చీలు విసురుకుంటారు. చేసేది లేక పుట్టినరోజు నొక్కాను. ఎవరిదని అడిగితే హర్షిణి పేరు రాశాను. దాని పుట్టినరోజుకు ఇంకా ఆరు నెలలుంది, అయితేనేం?

అయితేనేమో శనివారం మూడు గంటలకు తెలిసింది. పుట్టినరోజని రాస్తే ఆ యాప్ తనంతట తానే మూడు బ్లాకులకూ ఆహ్వానాలు పంపుతుందట!

పన్నెండుమంది వస్తారనుకుంటే ఎనభైమంది వచ్చారు. చేతుల్లో రంగు కాగితాల పొట్లాలు, నోట్లో "హ్యాపీ బర్త్‌డే". హర్షిణి ఒక్క క్షణం ఆశ్చర్యపడింది. రెండో క్షణం చేతులు చాచింది. మూడో క్షణం నుంచి కానుకలు అందుకుంటూ, వయసెంతని అడిగినవారికి ఎనిమిదని చెబుతూ పోయింది.

"ఏమండీ ఓంకార్‌గారూ, ఇది ఆగస్టులో కదండీ అయింది?" అన్నారు అసోసియేషన్ కార్యదర్శి విశ్వేశ్వరరావుగారు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన ఆయనకు ప్రతి తేదీ గుర్తే.

"తిథుల ప్రకారం అండీ," అన్నాను, చెమట తుడుచుకుంటూ.

ఇంతలో బాలనర్సయ్య మామ వచ్చాడు. తుండుగుడ్డలో చుట్టిన పాత మిషనును పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. దాన్ని ప్రొజెక్టరుకు కలపడానికి నేను పావుగంట కుస్తీ పట్టాను. తెర మీద నీలిరంగు తప్ప నీడ కూడా పడలేదు.

"జర జరుగు బిడ్డా," అన్నాడు మామ. "పెద్ద కంపెనీల చేస్తవట గదా. ఏం పని?"

"ఆర్కిటెక్టును మామా."

"ఇండ్లు కడ్తవా?"

"కాదు మామా, సాఫ్ట్‌వేరుల ఆర్కిటెక్టు అంటే..."

"ఇండ్లూ కట్టవు, తీగలూ కలుపవు. మరి జీతమెందుకిస్తున్నర్రా?" అంటూ నేను తెలుపులో గుచ్చిన పసుపు తీగ పీకి పసుపులో, పసుపులోని తెలుపు తీగ పీకి తెలుపులో గుచ్చాడు. బొమ్మ పడింది.

మొదటి పావుగంట పిల్లలు "కేకెప్పుడు?" అని అరిచారు. తరువాత ఏనుగు వచ్చింది. మంత్రి మెడ చాచాడు. మేకపిల్ల మాల నమిలింది. హాలు హాలంతా ఘొల్లుమన్నది! ఆ నవ్వుల నడుమ హర్షిణి నవ్వును వేరుగా విన్నాను. నా ఏడో ఏటి నవ్వది. ఉమ వైపు విజయగర్వంతో చూశాను. ఆమె ప్రశాంతంగా శనగలు తింటున్నది.

"సూసినవా?" అన్నాను.

"ఇంకా అవలేదు కదండీ," అన్నది.

కథ కట్టకడపటికి వచ్చింది. మంత్రి మేకను స్తంభానికి కట్టాడు. వంటవాళ్ళు మసాలా నూరుతున్నారు. మంత్రి కత్తి ఎత్తాడు. ఎనభైమంది ఊపిరి బిగబట్టారు. తెర వణికింది. చారలు పడ్డాయి. ఢమఢమలాడుతూ బ్యాండు!

"ఇదే! ఇదే అసలు కళ! సూడుండ్రి!" అని లేచి నిలబడ్డాను.

చూశారు. అందరికంటే ముందు నేను చూశాను. చిన్నప్పుడు మా ఇంటి బుల్లిపెట్టెలో కనిపించనివన్నీ పన్నెండడుగుల తెర మీద పట్టపగలల్లే కనిపించాయి.

రత్నగిరి రాజవీధిలో ఒక స్కూటరు నిలిపి ఉంది.

"అదేమిటండీ?" అన్నారు విశ్వేశ్వరరావుగారు.

"కాలం ఎవరికోసమూ ఆగదని దర్శకుడి సూచన అండీ," అన్నాను.

స్కూటరు వెనుక ఒక బోర్డు కనిపించింది. 'లింగంపల్లి కిరాణా అండ్ జనరల్'. దానికి సూచన నాకు తట్టలేదు.

అప్పుడు గాలి వీచింది. ఇరవయ్యేడేళ్ళుగా నేను ఏ ముఖం కోసం తపించానో, ఆ ముఖం మీది మల్లెల తెర మెల్లగా తొలగింది. దట్టమైన మీసాలు. నల్లకళ్ళద్దాలు. నోటినిండా పాన్.

"నాన్నా," అన్నది హర్షిణి, "మేకకు మీసాలున్నయ్."

"మా బామ్మర్ది!" అని ఛాతీ విరుచుకుని లేచాడు బాలనర్సయ్య మామ. "మా బామ్మర్ది బరాత్! ఎంత జబర్దస్త్ చేసినమో సూడుండ్రి!"

"మామా..." నా గొంతు మేక గొంతైంది. "సినిమాల... మీ బామ్మర్ది..."

"ఏం జెయ్యాలె బిడ్డా? మొదటి వారమే మిషిన్ల క్యాసెట్టు ఇరుక్కపాయె. ఆఖరి ఇరవై నిమిషాలు నలిగి నాశనమాయె. మల్లా ఆదివారం మూడు గొట్టంగ ఊరంత టీవీల ముంగట కూసుంటరు. కత్తి లేపినకాడ ఆపితె నా మీదికి కత్తులు లేపుతరు. ఇంట్ల బరాత్ క్యాసెట్టు ఉండె, జోడిచ్చిన. ఒక్కడు, ఒక్కడన్న అడిగిండా? అందరు సంబురంతోని ఏడ్సిన్రు. నువ్వు గూడ ఏడ్సినవ్!"

ఏడ్చాను. ఎవరి పెళ్ళికో పదకొండుసార్లు ఆనందబాష్పాలు రాల్చాను.

పిల్లలు మాత్రం బ్యాండుకు గంతులు మొదలుపెట్టారు. కళ గురించి నేను చెప్పిన మాటలన్నీ తలుచుకుని ఒక స్తంభం చాటుకు చేరబోయాను. హర్షిణి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఆయన కత్తి లేపిండు కదా. మేక బతికిందా?"

నాకు తెలియదు.

"మేక బతికిందా అంకుల్?" మరో పాప అడిగింది. పిల్లలందరూ గంతులు మాని చుట్టూ మూగారు. నేను మామ వైపు చూశాను.

"నాకేమెర్క బిడ్డా? ఉన్న ఒక్క వారం గూడ గా టైముకు నాకు కునుకు వట్టింది."

విశ్వేశ్వరరావుగారి వైపు చూశాను. ఆయన అప్పట్లో థియేటర్లో చూశారట.

"నేను ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశానండీ. మేక నటన మరీ అతిగా అనిపించింది."

ఇరవయ్యేడేళ్ళు! గుర్రమెక్కి ఊరేగుతున్నదని నేను నిశ్చింతగా నిద్రపోయిన ఇరవయ్యేడేళ్ళూ నా మేక కత్తి కిందే ఉంది. ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కొన్నాను. అది మాత్రం స్తంభానికి కట్టుబడి నా కోసం చూస్తూనే ఉంది. ఆ పైన ఏం జరిగిందో ఉన్నదున్నట్టు తెలిసిన చోటు ఈ భూమ్మీద ఒక్కటే. ఆ కండల మేక చిత్రం.

స్తంభం చాటుకు వెళ్ళి, ఎవరూ చూడకుండా ఫోను తీసి, రేపటి ఆటలు వెతికాను. హైటెక్ సిటీలో నిండిపోయాయి. గచ్చిబౌలిలో నిండిపోయాయి. చివరికి పటాన్‌చెరులో కూడా ఒక్క సీటు లేదు.

"హౌస్‌ఫుల్ కదండీ?" వెనుక నుంచి ఉమ గొంతు. తన ఫోను నా ముందు పెట్టింది. ఆదివారం, ఉదయం పదకొండున్నర, నాలుగు టికెట్లు.

"నాలుగా?"

"మనం ముగ్గురం. నాలుగోది బాలనర్సయ్యగారికి. పాపం ఆయనా చివర చూడలేదట కదండీ."

"ఎప్పుడు తీసినవ్?"

"బుధవారం. ఆయనతో ఫోన్లో మాట్లాడి పెట్టేసిన రెండు నిమిషాలకి."

నలభై నిమిషాల ఆ ఫోను, అందులోని నవ్వు, ఆ తరువాతి షరతు, అన్నీ వరసగా ఊరేగింపులా నా కళ్ళ ముందు నడిచాయి.

"అంటే... నీకు అంత తెల్సి గూడ..."

"మీకు ఏ సీను నచ్చిందో పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నానండీ. ఒక్కసారి చూడాలనిపించింది."

"అయితే ఉమా, కొత్తదాని గురించి చదివినవ్ కదా. నీకు తెల్సుంటది. జర చెప్పవా... బతుకుతదా?"

"ముందు కుర్చీలు సర్దండి," అన్నది ఉమ, ఈలోగా తెప్పించిన కేకు కోయడానికి వెళుతూ.

ఎనభై కుర్చీలు సర్దాను. ఆమె అటుగా వచ్చినప్పుడల్లా అడిగాను. చెప్పలేదు.