తొమ్మిది వందల చిలకలు

బస్సు కండక్టర్ జైరాం బండి మీద నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక ఖమ్మం దవాఖానాలో ఫిజియోథెరపీ చేసే జ్యోత్స్న మేడం అతని మణికట్టుకు ఒక పట్టీ కట్టి, ఫోనులో ఒక ఆట పెట్టింది. మక్కచేను మీద చిలకలు వాలుతుంటాయి. చెయ్యి లేపినప్పుడల్లా ఒకటి ఎగిరిపోతుంది.

"దినాం వంద చిలకలు తోలాలె అంకుల్. లేకుంటే భుజం గట్లనే బిగుసుకపోతది. ఇగ బస్సెక్కి టికెట్లు కొట్టుడు మర్సిపోవుడే."

ఏడో చిలకకే జైరాంకు చుక్కలు కనిపించాయి. అయినా తొందరేముంది? భార్య బాలి ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. పదిహేడేళ్ల కాపురంలో ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

మర్నాడు పెరట్లో బర్రె తోకతో ఈగల్ని తోలుకోవడం చూశాడు. అంతే, పట్టీని నల్లగుడ్డలో చుట్టి ఆ తోకకు కట్టేశాడు.

"ఇదేంది?" అంది బాలి.

"దిష్టి తాడు. పాలు పెరుగుతయి."

సాయంత్రానికి తొమ్మిది వందల చిలకలు! ఫోనులో జైరాం పేరు పక్కన కిరీటం వెలిగింది. డిపోకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అతనికే నమ్మకం కుదిరింది.

పదో రోజు మేడం వీడియో కాల్ చేసింది.

"శభాష్ అంకుల్! కానీ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి పావుగంట సేపు ఒక్క చిలక లేస్తలేదు. గప్పుడేం జేస్తున్నరు?"

జైరాం ఫోనును పక్కకు తిప్పబోయాడు.

"గప్పుడు నేను పాలు పిండుత మేడం," అంది బాలి పక్కనుంచి. "కొట్టకుండ బర్రె తోకను దాని కాలుకు కట్టేస్త."

"మాది చండ్రుగొండ. మా ఇంట్ల గూడ బర్లున్నయి," అంది మేడం చల్లగా. "ఏదీ, చెయ్యి లేపుండ్రి."

చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. జైరాం ఫోను దగ్గరికి జరిగాడు. "ఇగ లేవదా మేడం?"

"ఇయ్యాల్నే మొదలువెడితే లేస్తది."

ఆ పూట నుంచి ముద్దలు బంద్. బాలి జొన్నరొట్టెలు ఉట్టిలో పెట్టి దూలానికి వేలాడదీసింది. "కుడిచేత్తోనే తీసుకోవాలె. ఎడమచెయ్యి పెట్టినవో, పస్తే." రోజుకో వేలెడు ఉట్టి పైకి పోయింది. జైరాం తిట్టుకుంటూ, మూలుగుతూ, చివరికి తింటూ వచ్చాడు.

నెల తిరిగేసరికి చెయ్యి నెత్తి దాటింది. నూటపది చిలకల్ని తోలి, చెమట తుడుచుకుంటూ ఫోను చూశాడు. "మీరు వెనకబడ్డారు. పాత జైరాం మీకంటే చాలా చురుకు!" అని ఉంది.

"చూసినవానె, నన్ను నాతోనే పోల్చి ఎక్కిరిస్తున్నది!"

బాలి పాలచెంబు దించింది.

"అవ్ మరి. పాత జైరాం పూటకు మూడు లీటర్ల పాలు గూడ ఇచ్చిండు."