స్క్రాపు రాసే అల్లుడు

అమ్మలారా! కాబోయే అల్లుడు మీ అమ్మాయిని ఆర్కుట్‌లో పదిమంది ముందు వెక్కిరిస్తున్నాడా? వెంటనే కొబ్బరికాయ కొట్టండి! ఇంతకు మించిన అదృష్టం లేదు.

నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని. ఫోను రెండుసార్లు మోగితే ఎవరికేమైందోనని గుండె పట్టుకునే రకం. నిశ్చితార్థం అయినప్పటి నుంచి మా అమ్మాయి జయంతి నవ్వడం మానేసింది. ఏం కీడు మూడిందోనని వెంటపడితే, గుంతకల్లు స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయి కంప్యూటరులో తన ఆర్కుట్ పేజీ చూపించింది. బెంగళూరు నుంచి పెళ్ళికొడుకు కిరణ్ రాసినవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. తనే చదివింది.

"నువ్వు నవ్వితే రైల్వే గేటు లేచినట్టుంటాది. పెళ్ళిలో నోరు మూసుకోనుండు."

కింద అతని స్నేహితులు పద్నాలుగు మంది "హహహ". ఆ తర్వాత మళ్ళీ అతనే: "జోక్‌లే, ఏడవద్దు."

ఎంత ప్రేమ! ఏడుస్తుందని ముందే తెలుసు కదా!

మా కాలంలో ఈ సౌకర్యం ఏదీ? మొగుడి నోరు ఎలాంటిదో తెలిసేసరికి ముగ్గురు పిల్లలు పుట్టేవారు. ఇప్పుడో? పెళ్ళికి ముందే, తేదీతో, టైముతో, ఫోటో పక్కన! ఏ పంచాంగం చెబుతుందండీ ఇంత వివరంగా?

లాభాలు ఇంకా ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. మా ఊరి గాలికి దుమ్ము లోపలికి పోదు. ఎంత ఆరోగ్యం!

మా ఆయన వెంకటరాముడు లోకో షెడ్డులో ఫిట్టరు. సంగతి విని, "ఆ రాతల్ని ఏమంటారు పాపా?" అన్నారు.

"స్క్రాపులంటారు నాయనా."

"స్క్రాపా! మా షెడ్డులో స్క్రాపుని లోపల పెట్టుకోము. అందరి ముందర లిస్టు చదివి బయటికి తోలేస్తాము."

లగ్నపత్రిక రోజు రానే వచ్చింది. సంబంధం తప్పితే ఊరేమంటుందోనని నా భయం నాకుంది. అయినా జయంతి చదివి చెబుతుంటే స్క్రాపులన్నీ తెలుగులో గుండ్రంగా రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పళ్ళెంలో లగ్నపత్రిక పక్కనే ఉంచాను.

"ఇదేంది వదినా?" అంది కిరణ్ తల్లి వనజాక్షి.

"మీ వాని మాటలే వదినా. పెద్దలు గూడా వినాల గదా. జోకే!"

పురోహితుడు గొంతు సవరించుకుని, పత్రిక చదివే రాగంలోనే మొదలుపెట్టాడు: "నువ్వు నవ్వితే రైల్వే గేటు..."

ఒక్క "హహహ" వినబడలేదు. కిరణ్ సెల్‌ఫోనులోకి తల దూర్చాడు.

నవ్వింది మా జయంతి ఒక్కతే. చెయ్యి అడ్డం లేకుండా, పళ్ళన్నీ కనబడేలా.

నిజమే సుమండీ, గేటు లేచినట్టే ఉంది. బెంగళూరు బండి వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయింది.