మంచినీళ్ళలో ప్రోటీన్

సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, మంచినీళ్ళలో ప్రోటీన్ దొరికింది. కనిపెట్టిన ఘనత ఒక పరిశోధనాలయం మూడో అంతస్తులో ఆరేళ్ళుగా ఒకే స్టూలు మీద కూర్చుంటున్న పరిశోధకురాలిది.

ఆమె పని తేలికే. మన ఒంట్లో ప్రతి కణమూ ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఆ తయారీకి ముడిసరుకు మోసుకొచ్చే కూలి ప్రోటీన్ ఒకటుంది. దాని ఆచూకీ తీయడానికి, బొటనవేలంత సీసాలో యాంటీబాడీ. అది ఆ కూలికి తప్ప మరెవరికీ అంటుకోదని సీసా మీదే రాసి ఉంది. ఒక్కో నమూనాను ఒక్కో గడిలో పోసి దీన్ని కలిపితే, అంటుకున్నచోట ఫిల్ము మీద నల్లగీత పడుతుంది. ఆరేళ్ళలో రెండు వేల గీతలు పడ్డాయి, పడనిది ఒక్కటీ లేదు. ఇంత మంచి సీసా దొరకడం అదృష్టమని అందరూ అన్నారు.

ఏమీ లేని గడి కూడా పక్కన పెట్టి చూడడం ఆ ల్యాబులో అలవాటు లేదు. లేనిదాన్ని వెతకడం పనిలేనివాళ్ళ పని అని ప్రొఫెసరుగారి సిద్ధాంతం. అయితే వైవాకు వారముందనగా పరిశోధకురాలు ఆవలిస్తూ చివరి గడిలో నమూనాకు బదులు నీళ్ళు పోసింది. అన్నిటికన్నా నల్లగా, కాటుక దిద్దినట్టు, నీళ్ళకే గీత వచ్చింది.

"సార్, నా థీసిస్ గతేమిటి?"

"తప్పు నీళ్ళదమ్మా. ఈ సీసాను నమ్మి నాలుగు వందల పేపర్లొచ్చాయి. నీళ్ళను నమ్మి ఒక్కటైనా వచ్చిందా?"

నీళ్ళ ప్రవర్తనపై విచారణకు కమిటీ వేశారు. కుళాయి నీళ్ళు, కూలర్ నీళ్ళు, అధ్యక్షులవారు సగం తాగి వదిలేసిన టీ పరీక్షించారు. అన్నిటికీ గీతే. ఊడ్చే ఆయమ్మ ముచ్చటపడి తడిగుడ్డ పెట్టే బకెట్ తెచ్చింది. "నాదీ చూడు తల్లీ, పదేళ్ళబట్టీ ఇక్కడే చేస్తున్నా." దానికి రెండు గీతలొచ్చాయి. సదరు బకెట్‌ను అభినందిస్తూ, సంస్థ మూలమూలలా జీవం ఉట్టిపడుతోందని కమిటీ నివేదిక ఇచ్చింది.

"అన్నిటికీ ఊఁ కొడుతోందంటే, దీనికి కాదనడం రాదేమోనమ్మా," అంది ఆయమ్మ. పీహెచ్‌డీ లేని కారణంగా ఆమె మాట నివేదికలో చేరలేదు.

వైవా రోజున పరిశోధకురాలు గుండె చిక్కబట్టుకుని ఆ ఫిల్ము బల్లమీద పెట్టింది. "ఈ యాంటీబాడీ పనికిరాదండీ. నా గీతలు కూడా..."

పరీక్షాధికారి చెయ్యెత్తి ఆపారు. ఆ నాలుగు వందల పేపర్లలో ముప్పై ఆయనవే.

"నీ నిజాయితీకి కళ్ళు చెమర్చాయమ్మా," అన్నారు గంభీరంగా. "ఆ చివరి గడి కత్తిరించేస్తే ఇప్పుడే సంతకం పెడతాను. కాదంటావా, మొదటి గీత నుంచి మళ్ళీ మొదలుపెట్టు. ఇంకో ఆరేళ్ళే కదా!"

ప్రొఫెసరుగారు తన జేబులోంచే కత్తెర తీసిచ్చారు. పరిశోధకురాలు స్టూలును తలుచుకుంది. కత్తిరించింది.

సాయంత్రం ఆమె డాక్టరై ఇంటికి వెళ్ళేసరికి మామగారు పైజామా మోకాలిదాకా మడిచి సిద్ధంగా ఉన్నారు.

"రామ్మా డాక్టరమ్మా! మెట్లెక్కితే కలుక్కుమంటోంది, చూడు."

"నేను ఆ డాక్టర్ని కాదు మామయ్యా."

"ఏ డాక్టరైతేనేం? బాగుందని ఒక్కమాట చెప్పడానికి ఇంత బెట్టా?"

ఆమె ముట్టుకోకుండానే, "బాగుంది మామయ్యా," అంది. ఆయన చివాల్న లేచి గబగబా మేడ ఎక్కేశారు.

తెల్లారేసరికి వీధిలోని మోకాళ్ళన్నీ గేటు ముందు వరసకట్టాయి. నవ్వేవారు నవ్వండి గానీ, టోకెన్లు అయిపోవస్తున్నాయి. తమరిది కుడికాలా, ఎడమకాలా?