సక్కుబాయి చిలపలు

మంగళవారం పొద్దున గోదాము సేటు వైకుంఠం అనుకున్నది చిన్న పనే. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఆనందరావు పదకొండింటికి ఉస్మాన్‌గంజ్ గోదాముకు వస్తాడు, మిల్లు పారేసిన చిక్కుదారాల కుప్ప చూస్తాడు, వేస్టని రాసుకుని చాయ్ తాగి పోతాడు. వేస్టుకు సుంకం లేదు, నూలుకు ఉంది. నూలని తేలితే గోదాముకు సీలు పడుతుంది, దారాలు ఏరే ఎనిమిది మంది ఆడవాళ్ళకు పని పోతుంది.

"సక్కుబాయీ, ఆఫీసర్ వస్తుండు. జర సాఫ్ జేసి పెట్టు," అని ఆ ఆడవాళ్ళలో పెద్దామెకు చెప్పి వైకుంఠం దుకాణానికి వెళ్ళాడు.

పెద్దమనిషి వస్తుంటే చిందరవందరగా ఉంచడం సక్కుబాయి ఇంటా వంటా లేదు. ఎనిమిది మందీ కూర్చుని చిక్కులు విప్పారు, తెగినచోట ముడేశారు, మోకాళ్ళకు చుట్టి, అమ్మకానికి పెట్టే నూలు చుట్టల్లా చిలపలు తీశారు. ఆనందరావు వచ్చేసరికి గుమ్మానికి ఎదురుగా నలభై చిలపలు తీరుగా వేలాడుతున్నాయి.

"ఇది వేస్టా?" అన్నాడాయన. వెంట వచ్చిన వైకుంఠం నోరు తెరిచేలోపే 'నూలు, నలభై చిలపలు' అని రాసుకుని, రేపు సూపరింటెండెంటును తెస్తానని వెళ్ళాడు.

"ఏం జేసినవ్ సక్కుబాయీ?"

"సాఫ్ జేయమంటివి గద సేటూ."

"గంత సాఫా? మళ్ళ చిక్కు జెయ్యుర్రి. ఒక్క చిలప కనవడొద్దు."

విప్పడమే తెలిసిన చేతులకు చిక్కు వెయ్యడం సిగ్గనిపించింది. అయినా వేశారు.

మర్నాడు సూపరింటెండెంటు రామలింగయ్య కాగితం చూశాడు, కుప్ప చూశాడు. "నలభై చిలపలేవి?"

"లేవండి," అన్నాడు వైకుంఠం.

"అంటే అప్పుడే అమ్మేశారన్నమాట." సీలు వెయ్యడానికి లక్క కరిగించమన్నాడు.

సక్కుబాయి కుప్ప ముందు కూర్చుంది. "యాడికి పోలే సారూ. గిండ్లనే ఉన్నయ్. చాయ్ తాగుండ్రి, తీసిస్త."

ఒక కొస పట్టుకుంది. చూపు ఆయన మొహం మీద, వేళ్ళు దారం మీద. ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్ళకే తెలుసు. చాయ్ చల్లారకముందే చిలప ఆయన చేతిలో పడింది. ఆయన ముడులకోసం వెతికాడు. కంటికి ఆనలేదు, వేలితో తడిమితే జానెడుకొకటి తగిలింది.

"ఏ మిషను మీద నేర్చుకున్నావమ్మా?"

"మిషన్ ఏంది సారూ, గివే," అని పది వేళ్ళూ చూపించింది.

రామలింగయ్య లక్క కింద మంట ఆర్పించాడు. "మిల్లు గేటు దాటినప్పుడు ఇది వేస్టే. సుంకం దానికే చూడాలి. ఆ తర్వాతదంతా ఈమె పనితనం. ఆనందరావ్, కాగితం మార్చు."

ఆనందరావు కలం తీసి సుంకాల పుస్తకమంతా తిరగేశాడు. చిక్కుకూ నూలుకూ పద్దులు దొరికాయి గానీ, సక్కుబాయిని ఏ పద్దు కింద రాయాలో సర్కారు ఇంకా నిర్ణయించలేదు.