మజోక్ విన్న పాటలు

ఆ ఉదయం అగాన్ వేసుకున్న పథకం చిన్నది. ఎద్దు మజోక్ కొమ్ములకు కుచ్చులు కట్టాలి. మెడలో గంట వేయాలి. దాని మీద కట్టిన కొత్త పాట పాడుతూ లువాల్ పశువుల గుంజల ముందు ఒకసారి తిప్పాలి. పాట నచ్చితే లువాల్ తన కూతురు నిబోల్‌ని ఇస్తాడు. నైలు ఒడ్డున మందలు దిగిన చోట పెళ్ళిళ్ళు అలాగే కుదురుతాయి.

పిడకల పొగ ఇంకా విడలేదు. అగాన్ ఒంటికి బూడిద పూసుకుని పాడుతూ ముందు నడిచాడు. మజోక్ వెనక నడుస్తూ విన్నది.

తన కొమ్ములు మబ్బుకు తగిలి వాన కురిసిందట. మజోక్‌కు గుర్తున్నంతవరకు తగిలింది పాక కప్పుకు. కురిసింది మసి. తనను చూసి సింహం వెనక్కి తిరిగిందట. నిజానికి ఆ రోజు ఇద్దరూ తిరిగారు. ముందు తిరిగింది తను. మనుషుల పాటలు వినడానికి బాగుంటాయి గాని వాటిని నమ్మి అడవిలో అడుగు పెట్టకూడదని మజోక్ అభిప్రాయం.

లువాల్ లేచి వచ్చాడు. "బాగుందోయ్. పిల్లనిస్తాను."

అగాన్ గంతేశాడు.

"ఓలిగా ఇచ్చే పశువుల్లో ఈ ఎద్దుండాలి మరి. సింహాన్ని తరిమిందంటున్నావుగా."

అగాన్ నేలకు దిగాడు. పాట కట్టిన ఎద్దును ఇచ్చేసినవాడికి మందలో పేరుండదు. పైగా దూడగా ఉన్నప్పటి నుంచి మజోక్ అతని పక్కనే పడుకుంది.

"మామా, అది సింహం కాదు. అడవిపిల్లి."

"ఏంటీ?"

"అదీ ముసలిది. కుంటిది."

"అయితే నా ముంగిట్లోకొచ్చి అబద్ధాలు పాడావా? నీకు పిల్లా లేదు గిల్లా లేదు, పో."

"కాదు మామా, సింహమే!"

"అయితే ఎద్దునివ్వు."

పాల బుర్ర ఊపి వెన్న తీస్తున్న నిబోల్ అంది: "మధ్యాహ్నానికి అది ఏనుగైపోద్ది, చూస్తుండండి."

పక్క గుంజల కుర్రాళ్ళు మూగారు. వాళ్ళ పాటల్లో పారిపోయింది కూడా ఆ సింహమే. "ఏరా, అది అడవిపిల్లే అయితే మా ఎద్దుల పరువేం గాను?" కర్రలు లేచాయి.

లువాల్ తాను కూర్చునే సింహం తోలు దులిపాడు. "ఆగండ్రా. దీన్ని చూసి ఎద్దు పారిపోతే పాట అబద్ధం, నీకు పిల్ల లేదు. నిలబడితే పాట నిజం, ఎద్దు నాది."

ఎటు చూసినా ఒకటి పోతుంది. అగాన్ కళ్ళు మూసుకున్నాడు.

లువాల్ తోలు తలమీద కప్పుకుని గాండ్రించాడు. మజోక్ వాసన చూసింది. ముప్ఫయ్యేళ్ళ చెమట, ఉప్పుప్పగా. తోలు నాకింది. తోలు జారింది. దాని కింద లువాల్ బట్టతల ఉంది. అక్కడ ఉప్పు ఇంకా ఎక్కువ. ఈనిన ఆవు దూడను నాకినట్టు నిదానంగా, చెవులతో సహా నాకింది.

జనం పడీపడీ నవ్వారు. "లువాల్ దూడా, తల్లి దగ్గరికి రా!" అని ఒకడు అందుకున్నాడు.

"ఎద్దు పారిపోలేదుగా నాన్నా. పాట నిజమే," అంది నిబోల్.

లువాల్ మొహం తుడుచుకున్నాడు. ఈ ఎద్దు తన గుంజకు కట్టి ఉన్నంతకాలం దాన్ని చూసిన ప్రతివాడికీ ఈ తల గుర్తొస్తుంది.

"దీన్ని నా కళ్ళబడనీయకు," అన్నాడు.

"మరి నిబోల్?"

"ఇస్తానన్నాగా. ఈ ఎద్దు బదులు వేరే పశువేదన్నా తోలుకురా. ఈ సంగతి మాత్రం పాట కట్టావంటే ఊరుకోను."

అగాన్ కట్టలేదు. నిబోల్ కట్టింది. సాయంత్రానికి ఏటి అవతల కూడా పాడారు.

జరిగింది జరిగినట్టు చెప్పిన పాట మజోక్ వినడం అదే మొదలు. దానికి అంతగా నచ్చలేదు.