అంకెకో జ్ఞాపకం

గంటవరంలో టెలిఫోన్ నంబర్లు రెండంకెల నుంచి మూడంకెలకు పెరిగినప్పుడు, కొత్త అంకెకు బుర్రలో చోటు కల్పించడం కోసం చందాదారులు తలా ఒక జ్ఞాపకాన్ని టెలిఫోన్ ఆఫీసులో అప్పజెప్పాలని నోటీసు వచ్చింది. నోటీసు చూసి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కరెంటు మీటరు పెట్టేటప్పుడు గోడకు కన్నం కొట్టలేదా, ఇదీ అంతే అనుకున్నారు. కౌంటరు మధ్యాహ్నానికే మూసేస్తున్నారని, లైన్లో నిలబడడానికి నీడ లేదని మాత్రం గట్టిగా గొడవ చేశారు. ఆఫీసువాళ్ళు పందిరి వేయించారు. దాంతో జనం శాంతించారు.

అంతకుముందు ఆ ఊరికి నంబర్లతో పెద్దగా పనుండేది కాదు. రిసీవరు ఎత్తి "డాక్టరుగారింటికి ఇవ్వమ్మా" అంటే ఎక్స్ఛేంజిలో కూర్చున్న మేరీరత్నం ఇచ్చేది. డాక్టరుగారు ఇంట్లో లేకపోతే "వియ్యంకుడుగారింటికి భోజనానికెళ్ళారండి, అక్కడికి కలపమంటారా?" అని అడిగేది. ఇంత సుఖం జనానికి మంచిది కాదని పైవాళ్ళకు తోచింది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి పెట్టారు. చక్రం తిప్పే ఫోన్లు ఇచ్చారు. మేరీరత్నాన్ని ఎక్కడికో బదిలీ చేశారు. ఎవరికి ఎవరు కావాలో ఇక మీదట ఎవరికి వారే గుర్తుపెట్టుకోవాలన్నారు. దీనికి అభివృద్ధి అని పేరు పెట్టారు కాబట్టి జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళారు.

పొట్లూరి భాస్కరం లారీ బుకింగ్ ఆఫీసులో మేనేజరు. సరుకు ఎక్కడిదాకా వచ్చిందో, లారీ ఏ ధాబా దగ్గర ఆగిపోయిందో కనుక్కోవడమే ఆయన ఉద్యోగం. అందుకని ఇంటికి కూడా ఫోను ఇచ్చారు. జ్ఞాపకం ఇమ్మనగానే ఆయన లోలోపల సంతోషించాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు క్లాసులో అందరిముందూ గోడకుర్చీ వేయించిన సంగతి ఆయన్ని పెద్దయ్యాక కూడా వదల్లేదు. ఇంతకంటే మంచి అవకాశం రాదనుకుని దాన్ని తీసుకుని కౌంటరుకు వెళ్ళాడు. కౌంటరులో నేతి జగ్గారావు అనే గుమాస్తా అంతా శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది చెల్లదండి. బాధపడ్డవి తీసుకోవద్దని సర్క్యులరొచ్చింది."

"అదేంటండీ, అది మాత్రం జ్ఞాపకం కాదా?"

"జ్ఞాపకవేనండి. కానీ నిలవదు. ఇక్కడ ఖాళీ చేయించి పంపిస్తే తెల్లారేసరికి మళ్ళీ వచ్చి కూచుంటంది. మొన్న మునసబుగారు అన్నదమ్ముల తగాదా ఇచ్చెళ్ళారా, సాయంత్రానికల్లా రెట్టింపై తిరిగొచ్చేసింది. సంతోషపడ్డవేమన్నా ఉంటే చెప్పండి. అయ్యైతే ఓసారి పోతే పోయినట్టేనండి."

అందులో న్యాయముందని భాస్కరానికి కూడా అనిపించింది. చాలాసేపు వెతుక్కుని, సైకిలు తొక్కడం వచ్చిన రోజు ఇచ్చాడు. పద్ధతి చాలా సులువు. కౌంటరు ముందు నిలబడి జ్ఞాపకాన్ని ఒకసారి పైకి చెప్పాలి, జగ్గారావు ముద్ర వేస్తాడు, రసీదు ఇస్తాడు. చెప్పేటప్పుడు ఉన్నది ముద్ర పడేసరికి ఉండదు. భాస్కరం బయటికొచ్చి సైకిలెక్కి ఇంటికి వెళ్ళాడు. తొక్కడం ఎక్కడికీ పోలేదు. సందు మలుపులో ఎదురుగా ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు కదా, అది మాత్రం ఆ రోజు నుంచి మానేశాడు. ఎందుకు కొట్టేవాడో ఆయనకు అర్థం కాలేదు.

ఫోను ఉన్నవాళ్ళతో ఈ వ్యవహారం ఆగలేదు. పక్కింటి రమణమ్మగారికి ఫోను లేదు. కానీ నాసిక్‌లో ఉన్న తమ్ముడికి భాస్కరం నంబరే పి.పి. నంబరని, చేస్తే పక్కింట్లోంచి పిలుస్తారని చెప్పి ఇచ్చింది. ఎవరి ఫోనైతేనేం, అంకె ఆవిడ బుర్రలో కూడా ఉంటోంది కదా అని ఆఫీసువాళ్ళు పట్టుకున్నారు. పి.పి.వాళ్ళు అర జ్ఞాపకం ఇస్తే చాలని కనికరించారు. ఆవిడ తన పెళ్ళిలో సగం ఇచ్చింది. జీలకర్ర బెల్లం దాకా ఆవిడకు బ్రహ్మాండంగా గుర్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలియదు. మొగుణ్ణి చూసినప్పుడల్లా తాళి కట్టినట్టే ఉన్నాడులే అని సర్దుకుపోయేది.

ఊరు పెరిగింది. నంబరుకు నాలుగో అంకె వచ్చింది, కొన్నేళ్ళకు ఐదోది, ఆపైన ఆరోది. పెరిగిన ప్రతిసారీ పాత నంబరు ముందు ఫలానా అంకె చేర్చుకోవాలని పేపర్లో పడేది, మర్నాటికి పందిరి లేచేది. జనం పిల్లల్ని చంకనేసుకుని, మజ్జిగ సీసాలు పట్టుకుని తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు. భాస్కరం నాలుగో అంకెకు వాళ్ళమ్మ చేతి ఉలవచారు రుచి ఇచ్చాడు. ఐదో అంకెకు కూతురు మొదటిసారి అడుగులేసి తన మోకాళ్ళ మీద వాలిన సాయంత్రం ఇచ్చాడు. ఇవ్వకపోతే లైను కట్ చేస్తామన్నారు మరి. ఫోను లేని మనిషిని లారీ ఆఫీసులో ఎవరుంచుకుంటారు?

అన్నిటికంటే అడుగున ఆయన దాచుకున్నది ఇంకొకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆషాఢం వచ్చిందని భార్య సుగుణను పుట్టింటివాళ్ళు తీసుకుపోయారు. ఒకరోజు మధ్యాహ్నం లారీ ఆఫీసుకు ట్రంకుకాల్ వచ్చింది. అటు పల్లెటూరి పోస్టాఫీసులో సుగుణ, పక్కనే వాళ్ళ నాన్న. ఇటు భాస్కరం, చుట్టూ గుమాస్తాలు, డ్రైవర్లు. ఆవిడ "ఊఁ" అంది. ఈయన "ఊఁ" అన్నాడు. కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలూ అలాగే గడిచిపోయాయి. ఆపరేటరు మధ్యలోకి వచ్చి "టైమైపోయిందండి, పొడిగించమంటారా?" అంటే, భాస్కరం గదంతా వినబడేలా "పొడిగించండి" అన్నాడు. తర్వాతి మూడు నిమిషాలు కూడా ఊఁ, ఊఁ తప్ప మరో మాట లేదు. ఆ పూట రాజమండ్రి వెళ్ళవలసిన బెల్లం విజయవాడ వెళ్ళిపోయింది. ఓనరు తిట్టిన తిట్లు కూడా భాస్కరానికి తియ్యగానే వినిపించాయి.

ఆరో అంకెకు ఇవ్వడానికి ఏమీ దొరక్క ఆయన దీన్నే తీసుకుని కౌంటరు దాకా వెళ్ళాడు. సగం దాకా చెప్పాడు. "వద్దులెండి" అని వెనక్కి తీసుకుని, బదులుగా తిరుపతి కొండ కాలినడకన ఎక్కిన రోజు ఇచ్చి వచ్చేశాడు. అప్పటికి జగ్గారావు వినవలసినంత విన్నాడు.

"మంచి సరుకండి అది. ఎప్పుడన్నా అవసరం పడుద్ది, ఉంచుకోండి," అన్నాడు.

అవసరం సెల్‌ఫోను రూపంలో వచ్చింది. ఈసారి ఒక అంకె కాదు, రెండంకెలు కాదు, ఏకంగా పదంకెల నంబరు. డ్రైవర్లందరి చేతుల్లోనూ సెల్లులే, మేనేజరు చేతిలో లేకపోతే ఎలాగని ఓనరు అన్నాడు. భాస్కరం పందిట్లో నిలబడ్డాడు. జగ్గారావు రిటైరయ్యాక కూడా కాంట్రాక్టు మీద అదే కుర్చీలో ఉన్నాడు.

"ఉన్న ఆరు పోను ఇంకో నాలుగంకెలు కావాలండి. ఆ ఆషాఢం ట్రంకుకాల్ ఉంది కదండీ, నాలుగిటికీ అదొక్కటే సరిపోద్ది. మిగతావాళ్ళు నాలుగేసి పట్టుకొచ్చి కూడా తూకం చాలక అవస్థ పడతన్నారు."

భాస్కరం చాలాసేపు ఆలోచించాడు. మనిషే ఇంట్లో ఎదురుగా ఉండగా ఆవిడ ఊఁ ఎందుకు దాచుకోవడం? పైగా సెల్లు వస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడవచ్చు, ఎంతసేపైనా ఊఁ అనవచ్చు. మనసుకు నచ్చజెప్పుకోవడంలో గంటవరం వాళ్ళకు అప్పటికి బాగా అనుభవం వచ్చేసింది. ఆయన కళ్ళు మూసుకుని మొత్తం చెప్పాడు. ముద్ర పడింది.

"ఇచ్చేశారా?" అంది సుగుణ, గుమ్మంలో ఆయన మొహం చూడగానే.

"దేన్ని?"

ఆయన రసీదు తీసి చూసి, "ఆషాఢం ట్రంకుకాల్ అనుంది. ఏమిటే అది?" అని అడిగాడు. సుగుణ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేసి వచ్చింది. ఎదురుగా కూర్చుని పోస్టాఫీసు దగ్గర నుంచి బెల్లం లారీ దాకా అంతా చెప్పింది. ఆయన మధ్యమధ్య ఊఁ కొడుతూ ఆసక్తిగా విన్నాడు.

"చాలా బాగుంది," అన్నాడు చివరికి. "ఎవరికి జరిగింది?"

సుగుణకు దుఃఖం పొంగుకొచ్చింది. మొగుడు పోయిన ఆడవాళ్ళనైతే పలకరించడానికి నలుగురు వస్తారు, మొగుడు బతికే ఉండి ఒక మధ్యాహ్నం మాత్రం పోతే ఎవరొస్తారు? ఆవిడ ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

సెల్‌ఫోను అమ్మిన షాపువాడు మర్నాడు భాస్కరం చెప్పిన నంబర్లన్నీ అందులోకి ఎక్కించి, పేర్లు పెట్టి, చేతికిచ్చాడు. "ఇంక మీరేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు సార్. పేరు నొక్కితే చాలు, అంకెలన్నీ ఇదే చూసుకుంటుంది" అన్నాడు. భాస్కరం ఆ మాట విని సెల్లు జేబులో పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా టెలిఫోన్ ఆఫీసుకు నడిచాడు. అంకెలు బుర్రలో ఉండనక్కర్లేనప్పుడు చోటు ఖాళీయే కదా, తనది తనకు తిరిగి ఇచ్చేయమని అడిగాడు. సరైన ప్రశ్న వేసినవాణ్ణి చూస్తే ఆఫీసుల్లో ఎప్పుడూ జాలి పడతారు. జగ్గారావు కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించాడు.

"వాపసు లేదండి. పైగా ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉంచకూడదని రూలు. మీ బుర్రలో ఆ స్థలం నిన్ననే వేరేవాళ్ళకి కేటాయించేశాం."

"నా బుర్ర మీరెవరికో ఇవ్వడమేంటండీ? ఎవరికిచ్చారు?"

"నాల్రోజులు పోతే మీకే తెలుస్తదండి."

నిజంగానే తెలిసింది. సబ్బుల ప్రకటన పాట ఒకటి పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చింది. మీరు ప్రయత్నిస్తున్న చందాదారుడు ప్రస్తుతం అందుబాటులో లేరనే మాట మూడు భాషల్లో కంఠతా వచ్చేసింది. ఆ ప్రకటన చెప్పే అమ్మాయి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా ఆయనకు తెలుసు. ఒకసారి సెల్లు ఇంట్లో మరిచిపోయి, బస్టాండులో ఎవరి ఫోనో అడిగి తీసుకున్నాడు. ఈమధ్యే సుగుణకు కొనిచ్చిన సెల్లు నంబరు ఎంత వెతుక్కున్నా రాలేదు. ఇచ్చినాయన మర్యాదస్తుడు. "పర్లేదండి, నాకూ మా ఆవిడది రాదు" అని ఓదార్చాడు.

సుగుణ మాత్రం పట్టు వదల్లేదు. వారానికోసారి ఆ ట్రంకుకాల్ సంగతి ఆయనకు చెప్పేది. మొదట్లో ఆయన ఇటు తిరిగి కూర్చుని వినేవాడు. తర్వాత్తర్వాత సెల్లు చూసుకుంటూ ఊఁ కొట్టేవాడు. ఓసారి ఆవిడ కావాలని కథ సగంలో ఆపేసింది. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు.

ఇది ఇలా ఉండగా నంబర్లకు పదకొండో అంకె వస్తోందని ప్రకటన వెలువడింది. షాపులన్నీ మూసి జనం పందిరి కిందికి చేరారు. అంకె ఫోనులోనే ఉంటుంది కదా, మరి జ్ఞాపకం ఎందుకివ్వాలని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడగకుండానే జగ్గారావు మైకులో వివరించాడు. చోటు అవసరం లేని మాట నిజమేననీ, అయితే ఇన్నేళ్ళుగా వస్తున్న అలవాటు ప్రజలు పోగొట్టుకోకూడదనీ అన్నాడు. ప్రజలు ఒప్పుకున్నారు.

భాస్కరం దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కుటుంబంలో ఒకరి బదులు ఇంకొకరు ఇవ్వవచ్చని రూలు ఉంది. సుగుణ ఆయన్ని వెంటబెట్టుకుని లైన్లో నిలబడింది.

"అది ఇచ్చేస్తాను," అంది.

"ఏది?"

"అదేనండీ. మీ దగ్గర లేనిది నా ఒక్కదాని దగ్గరుండి ఏం చేసుకోను? చెబితే ఊఁ కొడుతున్నారు, కాదనను. కానీ ఆ ఊఁ వేరు, ఈ ఊఁ వేరు. రెండూ గుర్తుండడంతోనే వచ్చింది నా చావు."

భాస్కరం ఆవిడ వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అంతలో చేతిలో సెల్లు మోగింది, ఎక్కడో లారీ టైరు పేలిందట. మాట్లాడి పెట్టేసేసరికి సుగుణ కౌంటరు ముందుంది. రూలు ప్రకారం పైకి చెబుతోంది. ఆవిడ గొంతులో ఆపరేటరు వచ్చి పొడిగించమంటారా అని అడుగుతుంటే లైన్లో ఉన్న జనమంతా చెవులొగ్గి విన్నారు. రమణమ్మగారు పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. జగ్గారావు కూడా ఒక క్షణం ముద్ర పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అయితే వెనక ఇంకా చాలామంది ఉన్నారు. వేసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సుగుణ చాలాసేపు కులాసాగానే ఉంది. కూరగాయల ధరల గురించి మాట్లాడింది. మధ్యలో ఆగి, "ఇవాళ మనం ఏదో ఇచ్చాం కదండీ?" అని అడిగింది.

"ఇచ్చాం," అన్నాడు భాస్కరం. "అందరూ ఇచ్చారుగా."

అవునంటూ ఆవిడ తలూపింది. ఇద్దరి ఫోన్లలోనూ ఒకేసారి మెసేజి పడింది. ఇద్దరూ తలలు వంచి చదువుకున్నారు. కొత్త నంబరు అమల్లోకి వచ్చిందనీ, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదనీ అందులో ఉంది.